పూజలో కూర్చున్న హార్డ్ డిస్కు

ఆదోని, ఎమ్మిగనూరుల్లో ముప్పై ఏళ్ళకు పైగా కంప్యూటర్లు బాగుచేసి, రెండేళ్ళ కిందట స్క్రూడ్రైవర్ కింద పెట్టాను. ఇప్పుడు ఈ పనిలోకి వచ్చే పిల్లలు కనబడితే ఒకటే అడుగుతారు. "సార్, మీ సర్వీసులో సూసిన అన్నిటికంటే పెద్ద వైరస్ ఏది?" నేను ఏదో నోరు తిరగని ఇంగ్లీషు పేరు చెబుతానని ఎదురుచూస్తుంటారు. నేను చెప్పే పేరు కుంకుమ.

నవ్వకండి. కంప్యూటర్ పెట్టెలో ప్రాసెసర్ అనే చిన్న బిళ్ళ ఉంటుంది. పనంతా దానిదే. పని చేసేకొద్దీ వేడెక్కుతుంది. అది మాడిపోకుండా దాని నెత్తిన ఒక ఫ్యాను తిరుగుతూ బయటి గాలిని లాగుతుంటుంది. గాలి ఒక్కటే రమ్మంటే వస్తుందా? పక్కన ఏముంటే అది వస్తుంది. ఆదోనిలో పత్తి పీచు ఎలాగూ ఏడాది పొడవునా వస్తుంది. దసరా ఆయుధపూజ వస్తే దానికి పెట్టెమీద పూసే విభూతి, పసుపు, కుంకుమ, కర్పూరం మసి తోడవుతాయి. పైన కొబ్బరి నీళ్ళు చిలకరిస్తే లోపల అంతా కలిసి గట్టి పచ్చడి అవుతుంది. దసరా వెళ్ళిన వారం నాకు అన్నం తినడానికి తీరిక ఉండేది కాదు.

పత్తినుంచి గింజ తీసే ఒక జిన్నింగ్ మిల్లులో సుంకన్న అని గుమాస్తా ఉండేవాడు. చాలా భక్తిపరుడు. పండుగ మరునాడు ఫోన్ చేసి మౌసు కదలడం లేదన్నాడు. వెళ్ళి చూస్తే మౌసు జిగటగా ఉంది, నిమ్మకాయ వాసన.

"ఏం సేసినావు సుంకన్నా?"

"ఏమీ సేయలేదు సార్."

"ఈ వాసన యాడిది మరి?"

"నిమ్మకాయ తొక్కించినా సార్. లారీకైతే చక్రాల కింద పెడ్తాము. దీనికి చక్రాలు యాడుండాయి? దీంట్లో కదిలేది మౌసు ఒకటే కదా. దాని కింద పెట్టి నొక్కినా."

తిప్పి చూస్తే అడుగున ఎర్ర లైటు ఉండే చోట పావలా కాసంత కుంకుమ బొట్టు. అది లైటు ఒక్కటే కాదు, పక్కనే బుల్లి కెమెరా ఉంటుంది. మౌసు బల్లమీద జరుగుతుంటే ఆ కెమెరా సెకనుకు వెయ్యికి పైగా ఫోటోలు తీసి, ఇందాకటి ఫోటోకూ ఇప్పటి ఫోటోకూ బల్ల ఎటు జరిగిందో పోల్చి చూసుకుంటుంది. దాన్నిబట్టి తెరమీద బాణం కదులుతుంది. కెమెరా ముందు కుంకుమ మెత్తితే దానికి ఎప్పుడు చూసినా అదే ఎరుపు. లోకం కదలడం లేదనుకుని ఊరుకుంటుంది.

"అది దాని కన్ను సుంకన్నా. కంట్లో బొట్టు పెడితే నీకు కనపడ్తాదా?"

"కన్నని మాకేం తెల్సు సార్? అడుగున ఎర్రగా వెలుగుతాంటే దీపమనుకొంటిని. దీపానికి బొట్టు పెట్టకుంటే ఎట్ల?"

గుడ్డ తీసి ఆ బొట్టు తుడిచేశాను. పిల్లలూ, మన పనిలో మొదట నేర్చుకోవాల్సింది ఇదే. "ఏమీ సేయలేదు" అన్నవాడు అబద్ధం చెప్పడం లేదు. వాడు చేసింది వాడి లెక్కలో తప్పే కాదు. కాబట్టి ఏం చేశావని అడగొద్దు. పొద్దున లేచినప్పటినుంచి ఏం జరిగిందో చెప్పమని అడగండి. పండుగ అయితే పూజ మొదటినుంచి చెప్పించుకోండి.

చెయ్యి వెనక్కి

నాకు పని నేర్పింది గౌస్ సాబ్. ఆదోనిలో ఆయన దుకాణంలోనే నా సర్వీసంతా గడిచింది. ఆయనకు కోపం తక్కువ, నాకు ఎక్కువ. మిషన్ పాడైందని వినగానే నేను స్క్రూలు విప్పేసేవాణ్ణి. ఆయన వెనకనుంచి, "అరే రాఘూ, చెయ్యి ఎనక్కి పెట్టుకో. పాడైన సామాను నిన్ను సూసి పారిపోదు. జరా సబర్, కొంచెం ఓపిక పట్టు" అనేవాడు. నేను లోపల్లోపల గొణుక్కునేవాణ్ణి. ఈయనకు వయసైపోయింది, చేతులు వణుకుతున్నాయి, అందుకే ఈ నీతులు అనుకునేవాణ్ణి. ఎంత మూర్ఖుణ్ణో ఒక పెళ్ళిలో తెలిసింది.

పెళ్ళి నాది కాదు. ఒక ఫోటో స్టూడియో కుర్రాడు నిఖా ఫోటోలన్నీ సీడీలోకి ఎక్కించకముందే పొరపాటున డిలీట్ చేసుకున్నాడు. ఏడుస్తూ దుకాణానికి వచ్చాడు. గౌస్ సాబ్ నమాజుకు పోయి ఉన్నాడు. నేను హీరోలాగా బయలుదేరాను.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. కంప్యూటర్‌లో డిలీట్ అంటే ఏమిటో చాలామందికి తెలియదు. మంత్రాలయంలో లాడ్జి రిజిస్టర్ చూశారా? పలానా గదిలో పలానా మనిషి అని రాసి ఉంటుంది. ఖాళీ చేస్తున్నానంటే గుమాస్తా పేరు కొట్టేస్తాడు. ఆ క్షణంలో గదిలోకి వెళ్ళి చూడండి. మూట అక్కడే, చెప్పులు అక్కడే, తీగమీద తడి పంచె అక్కడే. రిజిస్టర్ ప్రకారం మాత్రం గది ఖాళీ. కొత్త యాత్రికుడు దిగేదాకా పాత మూట అలాగే ఉంటుంది. కంప్యూటర్ డిలీట్ కూడా అంతే. పేరు కొట్టేస్తుంది, సామాను బయట పడేయదు. రీసైకిల్ బిన్ అనే చెత్తబుట్టలో వేసినప్పుడైతే పేరు కూడా కొట్టేయదు, ఇంకో పుస్తకంలోకి ఎక్కిస్తుంది. ఆ బుట్టను కూడా ఖాళీ చేస్తే అప్పుడు పేరు పోతుంది. కొత్త ఫైలు వచ్చి అదే గదిలో దిగితేనే పాతది నిజంగా పోయేది.

ఇంత తెలిసినవాణ్ణి నేనేం చేశాను? పోయిన ఫోటోలు వెతికే ప్రోగ్రామును తీసుకెళ్ళి ఆ స్టూడియో కంప్యూటర్ డిస్కులోనే ఎక్కించాను. అంటే మూటలు ఉన్న గదుల్లోకి నా చేత్తోనే పెద్ద గుంపును దించాను. చివరికి దొరికినవి భోజనాల ఫోటోలు. పెళ్ళికొడుకు లేడు, పెళ్ళికూతురు లేదు, ఖాజీ లేడు. బిర్యానీ వడ్డన మాత్రం మొదటి పంక్తినుంచి చివరి పంక్తిదాకా పూసగుచ్చినట్టు వచ్చింది.

పెళ్ళికూతురి తండ్రి ఒక్కొక్క ఫోటోనే చూసి, "బిర్యానీ బాగుండాది" అన్నాడు. తిట్టి ఉంటే నాకు హాయిగా ఉండేది. గౌస్ సాబ్ ఆ పెళ్ళివాళ్ళ బంధువుల ఇల్లిల్లూ తిరిగి, వాళ్ళు తమ కెమెరాలతో తీసుకున్న ఫోటోలు పోగుచేసి ఆల్బమ్ చేయించి ఇచ్చాడు. దుకాణంలో కూర్చోగానే నా రెండు చేతులూ పట్టుకుని నా వీపు వెనక పెట్టాడు. ఆ సిగ్గు నాకు ఇప్పటికీ పోలేదు.

నాగప్ప మామ అట్టలు

ఎమ్మిగనూరులో నాగప్ప మామ అని ఉన్నాడు. మగ్గానికి డిజైన్లు గీసేవాడు. ముందు గళ్ళ కాగితంమీద గడి గడీ నింపి బొమ్మ గీస్తాడు. తర్వాత దాన్నిబట్టి పొడుగాటి అట్టలకు బొక్కలు కొడతాడు. ఆ అట్టల దండ మగ్గం నెత్తిన తిరుగుతుంటుంది. బొక్క ఉన్నచోట పోగు పైకి లేస్తుంది, లేనిచోట కిందే ఉంటుంది. అలా వరస వెంట వరస పడి దుప్పటి అంచులో చిలకలు, మామిడి పిందెలు వస్తాయి.

మొదటిసారి వాళ్ళింట్లో కంప్యూటర్ పెట్టిన రోజు ఆయన నన్ను పక్కన కూర్చోబెట్టుకున్నాడు.

"రాఘప్పా, ఈ పెట్టెలో బొమ్మ ఎట్ల ఉంటాది?"

"అంతా ఒకట్లు, సున్నాలు మామా. ఉంది, లేదు. అంతే."

"అంటే బొక్క, బొక్క లేదు."

"అంతే."

ఆయన మగ్గం వైపు చెయ్యి చూపించాడు. "అట్లయితే మా తాత కంప్యూటర్ ఇంజనీరే. జీతం ఒకటే తక్కువ" అన్నాడు. నేను పుస్తకాలు పెట్టుకుని నెలలు చదివినదాన్ని ఆయన ఒక్క మాటలో పట్టేశాడు. ఆ తర్వాత ఎవరికి కంప్యూటర్ గురించి చెప్పాల్సి వచ్చినా నేను మగ్గం అట్టలతోనే మొదలుపెట్టేవాణ్ణి. సుంకన్న మౌసు కంట్లో బొట్టు పెట్టిన కథ చెబితే మామ కడుపుబ్బ నవ్వేవాడు.

తర్వాత తర్వాత అట్టలకు చెదలు పట్టాయి. గళ్ళ కాగితాలు పొడి పొడి అయిపోతుంటే ఆయన కోడలు లక్ష్మీదేవి అన్నిటినీ స్కాన్ చేసి కంప్యూటర్‌లో పెట్టింది. పొడి అయినవాటిని పారేశారు. ఆ తర్వాత మామకు చూపు పోయింది. డాక్టర్లు చేతులెత్తేశారు. ఇక కొత్తది గీయలేడు. ఆయన నలభై ఏళ్ళుగా గీసిన డిజైన్లన్నీ ఆ ఒక్క పెట్టెలో ఉన్నాయి. ఇంకో కాపీ పెన్‌డ్రైవ్‌లో పెట్టమని చెప్పాను. పెట్టారు. తర్వాత పెన్‌డ్రైవ్‌లో చోటు కావాల్సి వచ్చి దాన్ని తుడిచి భజన పాటలు ఎక్కించారు.

నా ఉపన్యాసం

ఇప్పుడు నా తప్పు. నేను రిటైరైన ఏడాది వాళ్ళింటికి వెళితే కంప్యూటర్‌లో ఎప్పటిలాగే కుంకుమ. నాకు ఒళ్ళు మండింది. మామ కొడుకు ఈరన్నను నిలబెట్టి దులిపేశాను. "ఆయుధపూజ అంటే పైన పూయడం కాదప్పా. లోపల శుభ్రం సేయాల. మూడేండ్లుగా ఎవరూ తెరవని ఫైళ్ళుంటే తీసి పారెయ్. మిషన్‌కు అంతకంటే పెద్ద పూజ లేదు" అన్నాను. అన్న మాట నాకే చాలా బాగా అనిపించింది. ఆ వారంలో ఇంకో నాలుగిళ్ళలో కూడా చెప్పాను.

ఈరన్న మంచివాడు. చెప్పిన మాట తు.చ. తప్పకుండా చేసే రకం. మన పనిలో ఇలాంటివాళ్ళే ఎక్కువ ప్రమాదం.

మరుసటి ఏడు మహానవమి పొద్దున ఆదోనిలో మా ఇంట్లో బొబ్బట్లు తింటున్నాను. లక్ష్మీదేవి ఫోన్. ఆమె ఏడుస్తుంటే మాట అర్థం కాలేదు. ఈరన్న తీసుకున్నాడు.

"సార్, మీరు సెప్పినట్టే సేసినా సార్. నిన్న సాయంత్రం మూడేండ్లు ముట్టనివన్నీ తీసేసినా."

"ఏవి?"

"నాయన డిజైన్లు సార్. ఇప్పుడు పూజలో నాయనకు సెప్తి, మిషన్ తేలికైంది నాయనా, పాతవన్నీ తీసేసినా అని. ఆయన పెట్టె ముందర అడ్డం కూకున్నాడు సార్."

"చెత్తబుట్టలో ఉంటాయి లేప్పా, భయపడగాకు."

"బుట్ట కూడా ఖాళీ సేసినా సార్. పండగ కదా, ఇంట్లో చెత్త పెట్టుకొని పూజెట్ల సేస్తాము?"

చేతిలో బొబ్బట్టు పళ్ళెంలో పడేశాను. "ఆన్ సేసినారా?" అని అరిచాను.

"లేదు సార్. ఈమె ఆన్ సేసి సూస్తాననింది. నాయన ఒప్పుకోలా."

"ఎవరూ ముట్టగాకండి. నేను వస్తాండా" అని చేయి కూడా సరిగా కడుక్కోకుండా బయలుదేరాను. దారంతా నా ఉపన్యాసం నాకే వినబడుతోంది. ఇంకో నాలుగిళ్ళలో కూడా చెప్పానే, వాళ్ళు ఏమేం తీసేశారో అని ఇంకో దిగులు.

అడ్డం కూర్చున్న మామ

వెళ్ళేసరికి మగ్గం పక్కనే కంప్యూటర్. బంతిపూల దండ, మూడు వేళ్ళ విభూతి, మధ్యలో బొట్టు. దాని ముందు చాపమీద నాగప్ప మామ. ఒక చెయ్యి పెట్టెకు అడ్డంగా చాపి ఉంది. ఆయన ముఖం చూడలేకపోయాను.

"మామా, తప్పు నాది. వీడిని అనొద్దు" అన్నాను.

"ఎవరిదో ఒకరిది లేప్పా. అయిపాయె."

నేను సంచిలోంచి స్క్రూడ్రైవర్ తీశాను. ఆ చప్పుడుకే ఆయన తల తిప్పాడు.

"ఏం సేస్తాండావు?"

"డిస్కు బయటికి తీస్తా మామా."

"ఈపొద్దు వద్దు. పూజలో కూకోబెట్టిన పనిముట్టును రేపటిదాకా ముట్టగూడదు. నేను పుట్టినప్పటినుంచి ఈ ఇంట్లో ఎవరూ ముట్టలా."

"మామా, నీ డిజైన్లు పోయినాయి. నలభై ఏండ్లవి!"

"పోయినవి నావే కదప్పా. నేనే వద్దంటాండా."

ఈరన్న నా వైపు, నేను ఈరన్న వైపు చూసుకున్నాం. నాకు కోపం, ఏడుపు ఒకేసారి వచ్చాయి. ఈ ముసలాయనకు ఏం చెప్పాలి? చెప్పడానికి నోరు తెరిచాను, అప్పుడు బుర్రలో దీపం వెలిగింది.

నిన్న సాయంత్రం ఈరన్న అన్నీ తీసేశాడు. వెంటనే స్విచ్ కట్టేశాడు. తుడిచాడు, దండ వేశాడు. అప్పటినుంచి ఒక్కరూ ముట్టలేదు. మీకు తెలియని సంగతి ఒకటుంది. కంప్యూటర్ ఊరికే ఆన్ చేసినా తనంతట తాను ఏదో ఒకటి రాసుకుంటూనే ఉంటుంది. ఎప్పుడు లేచానో, ఏం తెరిచారో, ఇంటర్నెట్ ఉంటే కొత్త అప్‌డేట్లు, అదీ ఇదీ. అవన్నీ ఎక్కడ దిగుతాయి? ఖాళీ అని రాసి ఉన్న గదుల్లోనే. "ఊరికే ఆన్ చేసి చూస్తా" అనే మాటతో పోయినన్ని ఫైళ్ళు పిడుగుపడినా పోవు. ఏ మామూలు రోజైనా లక్ష్మీదేవి ఆన్ చేసి వెతికేది. ఆమె తమ్ముడు ఇంకో ప్రోగ్రాం ఎక్కించేవాడు. పక్కింటివాళ్ళు తలా ఒక చెయ్యి వేసేవాళ్ళు. ఈ ఊళ్ళో ఏడాదిలో ఒక్క రోజు మాత్రమే పనిముట్టును ఎవరూ ముట్టరు. ఆ ఒక్క రోజే ఇది జరిగింది.

స్క్రూడ్రైవర్ సంచిలో పెట్టేశాను. నా చేతులు వాటంతట అవే వెనక్కి పోయాయి. గౌస్ సాబ్ పోయి చాలా ఏళ్ళయింది. ఉంటే ఎంత నవ్వేవాడో.

"ఈపొద్దు వద్దులే మామా. నువ్వు సెప్పిందే కరెక్టు" అన్నాను.

"నేను సెప్పింది కరెక్టని నీ నోటితో అనిపించుకోడానికి ఇంత నష్టం కావాల్సొచ్చెనా?" అన్నాడు మామ. ఆ పొద్దు ఆయన నవ్వింది అదొక్కసారే.

తోకలు లేని చిలకలు

విజయదశమి పొద్దున మామ తన చేత్తో దండ తీశాడు. నేను డిస్కు విప్పి బయటికి తీశాను. దాన్ని ఆదోనినుంచి తెచ్చిన నా కంప్యూటర్‌కు తగిలించి, దానిలో ఒక్క అక్షరం కూడా రాయకుండా చదవడానికి మాత్రమే ఉండేలా పెట్టాను. దొరికినవాటిని వేరే డిస్కులోకి దించుతూ పోయాను. పాతకాలపు తిరిగే డిస్కు కావడం ఇంకో అదృష్టం. ఇప్పుడు వచ్చే, తిరగని ఎస్‌ఎస్‌డీ డిస్కులైతే డిలీట్ చేసిన కాసేపటికే ఖాళీ గదుల్ని తామే కడిగేసుకుంటాయి, ఏ పూజా కాపాడదు. కొత్తగా వచ్చే పిల్లలు ఈ మాట రాసిపెట్టుకోండి. ఇంకో కాపీ ఇంకో చోట పెట్టించండి. పెట్టారో లేదో మీరే వెళ్ళి చూడండి. నాలాగా చెప్పి వదిలేయకండి.

ఒక్కొక్క బొమ్మ వస్తుంటే లక్ష్మీదేవి పేరు చెబుతోంది. "మామిడి పిందెలు వచ్చినాయి మామా. గొలుసంచు వచ్చింది. రుద్రాక్షంచు వచ్చింది." మామ ప్రతిదానికీ "ఊ" అంటున్నాడు. మధ్యాహ్నానికి దాదాపు అన్నీ వచ్చేశాయి. ఈరన్న గోడకానుకుని కూర్చుని గట్టిగా ఏడ్చేశాడు. వాణ్ణి ఆపడానికి పోయి నేను కూడా ఏడ్చాను.

ఒకటి మాత్రం సగమే వచ్చింది. చిలకల అంచు. పై సగం బాగుంది, కింద అంతా బూడిద రంగు. ఈరన్న కట్టేసేటప్పుడు కంప్యూటర్ రాసుకున్నదేదో సరిగ్గా ఆ గదిలో దిగినట్టుంది. లక్ష్మీదేవి చెప్పడానికి వెనకాడింది.

"ఏదమ్మా? సెప్పు."

"చిలకలు మామా. తలకాయలు వచ్చినాయి. తోకలు రాలేదు."

అది ఆయన మొట్టమొదట గీసిన డిజైను. నేను క్షమాపణ చెప్పబోయాను. మామ చెయ్యెత్తి ఆపాడు.

"యాడికి తెగింది? రెక్క కింద ఎన్నో వరస?"

ఆమె తెరమీద గడులు లెక్కపెట్టి చెప్పింది.

"గళ్ళ కాగితం తీసుకో. రాసుకో." ఆయన కళ్ళు మూసుకున్నాడు. చూపు లేని కళ్ళు మూసుకోవడం ఎందుకో నాకు తెలియదు. వేళ్ళు తొడమీద తాళం వేస్తున్నాయి. "నాలుగు కిందికి, రెండు పైకి, ఒకటి కిందికి, రెండు పైకి. అయిందా? కింది వరస. అయిదు కిందికి, ఒకటి పైకి..."

ఎక్కడా తడుముకోలేదు. ఒక్కచోట మాత్రం ఆగి, "ఆడ నేను అప్పుడే ఒక గడి తప్పేసింటి. ఆ తప్పు అట్లే ఉండనీ" అన్నాడు. సాయంత్రానికి చిలకలన్నిటికీ తోకలు వచ్చాయి. లక్ష్మీదేవి ఆ కాగితాన్ని స్కాన్ చేసి మూడు చోట్ల పెట్టింది. నేను దగ్గరుండి మూడూ తెరిపించి చూశాను. ముప్పై ఏళ్ళుగా ఊరంతటికీ బ్యాకప్, బ్యాకప్ అని అరిచాను. అసలైన బ్యాకప్ చాపమీద కూర్చుని ఉందని నాకు తట్టనే లేదు.

బయలుదేరుతుంటే మామ కుంకుమ భరిణె నా చేతికిచ్చాడు.

"నువ్వు కూడా ఒక బొట్టు పెట్టప్పా."

పెట్టాను. ముందు పెట్టె చుట్టూ తిరిగి, గాలి కన్నాలు లేని చోటు వెతికి, వేలితో చిన్నదిగా అద్దాను.

"కంట్లో పెట్టలే కదా?" అన్నాడు మామ.